రెండు గిన్నెల పెరుగన్నం

భవ్యా,

ఆఫీసుకి వెళ్తున్నాను. పెరుగన్నం రెండు గిన్నెల్లో పెట్టాను, పచ్చిమిర్చి వేసింది నీది. నాలుగింటికి డాక్టర్ దగ్గరికెళ్లాలి. మెట్రో వద్దు. ద్వారక స్టేషన్‌లో ఎక్కాక నీలోంచి చిన్ని బయటికొస్తే, ఎక్కడ దిగాలో తనకి తెలీదు. మూడింటికి క్యాబ్ వస్తుంది. నువ్వున్నప్పుడు నువ్వు, చిన్ని ఉన్నప్పుడు తను నోట్‌బుక్‌లో రాయమని డాక్టర్ అన్నారు కదా, వారం నుంచీ ఖాళీ పేజీలే. ప్రతిసారీ డాక్టర్‌కి నేనే చెప్పాలంటే ఓపిక ఉండట్లేదే.

నిన్న చిన్ని ఏడుస్తుంటే "నువ్వు పో, మా చెల్లిని పంపించు" అని కసిరేశాను. ఆ ఎనిమిదేళ్ల పిల్ల కూడా నువ్వేనని, తరిమితే నయం కాదని డాక్టర్ ఎన్నిసార్లు చెప్పారో!

అక్క

చిన్నీ, ఇది నువ్వు చదువుతుంటే, కారం లేని గిన్నె నీది. నిన్న పొమ్మన్నాను కదా, పోకు. నేను నీకూ అక్కనే.