నివేదిత జీతంలో కామా

వాషర్‌మెన్‌పేట్

ఉద్యోగ నియామకాలు చూసే మధుమిత గారికి, నివేదిత తాత శేషాద్రి నమస్కారాలు.

మా మనవరాలికి మీరిచ్చిన ఉత్తర్వు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. ఏడాదికి ఇరవై నాలుగు లక్షలు! మా ఇంట్లో ఇంత జీతం ఎవరూ ఎరగరు. వీధంతా చెప్పాను. ఎదురింటి కృష్ణన్ వచ్చి చూసి, "ఆడ మొదటి కామా ముందర రెండే ఉంది కదప్పా! రెండు లక్షల చిల్లరేగా?" అన్నాడు. మీరు 2,400,000 అని వేశారు. కామా జరిపి పంపండి. వచ్చే నెల వీధిలో సన్మానం ఉంది.

ఇట్లు,
శేషాద్రి

తా.క. సన్మానం బ్యానరు జీతం అంకెతో సహా అచ్చుకిచ్చేశాను. అందులో దాని ఫోటోకన్నా నా ఫోటో కొంచెం పెద్దది.

*

మైలాపూరు

శేషాద్రి గారికి నమస్కారం.

అంకెలో తప్పు లేదండీ. మా పెద్దాఫీసు విదేశంలో ఉంది, అక్కడ మూడేసి అంకెలకు కామా పెడతారు. అది రెండు పాయింట్ నాలుగు మిలియన్లు, అంటే ఇరవై నాలుగు లక్షలే. సులువుగా చదువుకునేలా మళ్లీ అచ్చు వేయించి పంపుతున్నాం: 2.4M.

భవదీయురాలు,
మధుమిత

తా.క. మా ఇంట్లోనూ తెలుగే. ఆఫీసు ఉత్తరం తెలుగులో రాయడం మాత్రం ఇదే మొదలు.

*

వాషర్‌మెన్‌పేట్

అమ్మా మధుమితా, ఆశీస్సులు.

కామా జరపమంటే సున్నాలే కోసేశారు! ఇప్పుడు రెండున్నర కూడా లేదు. కృష్ణన్ కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి, "పోనీలే సార్, ట్రైనింగులో అంతే ఇస్తారు" అని నన్ను ఓదార్చాడు. నన్ను ఓదార్చడమేమిటమ్మా? ఆ పిల్ల ఎంత కష్టపడి చదివిందో నేను చూశాను. దాని పేరు పక్కన అంకె దర్జాగా ఉండాలి.

శేషాద్రి

తా.క. ఇంకో ఉత్తరం రాస్తే జీతం ఇంకా తగ్గుతుందని మా ఆవిడ చెంగమ్మ భయపడుతోంది. అయినా రాశాను.

*

మైలాపూరు

శేషాద్రి గారికి నమస్కారం.

మీ ఉత్తరాలు రెండూ మీటింగులో చదివి, జీతాల అంకెలు చూసే ఇంజనీరుకు అందజేశాను. జవాబు అక్కణ్ణుంచే వస్తుంది.

మధుమిత

తా.క. అవి విన్నంతసేపూ ఆ ఇంజనీరు తలెత్తలేదు.

*

మైలాపూరు హాస్టల్

తాతకు నివేదిత నమస్కారాలు.

ఆ ఇంజనీరు నేనే. ఇంటికొచ్చి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. ఏ దేశం వాళ్లకు ఆ దేశం పద్ధతిలో జీతం కనబడేలా చేయడం నాకిచ్చిన మొదటి పని. మన దేశాన్ని చివర్లో చేద్దామని పక్కన పెట్టాను. 2.4M కూడా నా తెలివే, ముచ్చటగా ఉందనుకున్నాను.

మీటింగులో మొదట సిగ్గేసింది. నా అంకె కోసం నువ్వు అంత పోట్లాడావని వినేసరికి ఏడుపొచ్చింది. ఆ రోజే మార్చాను. ఇక్కడి వాళ్లందరి జీతాలూ ఇప్పుడు లక్షల్లోనే కనబడుతున్నాయి. ఆఫీసులో దాన్ని 'శేషాద్రి కామా' అంటున్నారు. నీ మనవరాలినని చెప్పుకుంటూ తిరుగుతున్నాను. కొత్త ఉత్తర్వు ఇదిగో: 24,00,000.

నీ నివేదిత

తా.క. ఉత్తర్వు అడుగున చిన్న అక్షరాలు చదివావా? జీతం ఎవరికీ చెప్పకూడదట. ఫ్రేము దించెయ్, బ్యానరు మీద అంకె తీయించెయ్. ఆ ఖాళీలో నీ ఫోటో ఇంకాస్త పెద్దది చేయించుకో.