ట్రంపెట్ బిడ్డకు, నూనె సీసా అన్నకు

నస్పూర్‌లో కాపురముంటూ బ్యాండు మేళం నడుపుకుంటున్న శ్రీహరి అనే నేను రాయిస్తున్న వీలునామా ఇది. నడుము కింది భాగం నా మాట వినదు గానీ తల నిక్షేపంగా ఉంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. పెట్టగలిగిన ఒకే మనిషి, నా భార్య గంగుబాయి, ప్రస్తుతం వంటింట్లో ఉంది.

1. నాకు లూపస్ ఉంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. బుగ్గలు ఎర్రబడితే ఎండలో పెళ్లి బరాత్‌లు వాయించినందుకే అనుకున్నాం. కీళ్లు కూడా పట్టేశాక డాక్టరు దాని పేరు చెప్పారు. ఎక్కువగా ఆడవాళ్లకు వస్తుందని తెలిసి, మా డ్రమ్ముల బుచ్చిరాములు కొన్నాళ్లు నన్ను "అక్కా" అని పిలిచాడు.

2. నాలుగేళ్ల కింద ఒక పొద్దున నడుము చుట్టూ బెల్టు బిగించినట్టయి, కాళ్లు మొద్దుబారాయి. మా అన్న అంతయ్య "నడుం పట్టిందిరా, ఫికర్ చెయ్యకు, నూనె రాస్తే పోతది" అని నన్ను తోమడం మొదలుపెట్టాడు. మూత్రం కూడా ఆగేసరికి గంగుబాయి "గిది నడుం నొప్పి గాదు బావా, జర జరుగు" అని నన్ను బండిలో వేయించి కరీంనగర్ తీసుకుపోయింది. లూపస్ వల్ల వెన్నుపాము వాచిందని, ఇంకా ఆలస్యమై ఉంటే అసలు లేచేవాడినే కాదని డాక్టర్లు చెప్పి, స్టెరాయిడ్లు ఎక్కించారు. ఇప్పుడు వాకర్‌తో గుమ్మం దాకా నడుస్తాను. మిగిలిన నూనె సీసా అన్నకు చెందుతుంది. అతని ప్రేమలో లోటు లేదు, చేతుల్లోనే బలం ఎక్కువ.

3. ఇల్లు, ఖాళీ జాగా గంగుబాయి సర్వహక్కులతో అనుభవించవలెను. ఆసుపత్రి నుంచి వచ్చాక రోజూ నా అరికాలు దువ్వెనతో గీకి "ఎరుకైతుందా?" అనేది. "లే" అంటే "రేపు అడుగుత" అనేది. "ఐతుంది" అన్న రోజు వంటింట్లోకి పోయి ఏడ్చి, ఉల్లిగడ్డలు కోశానంది. ఆ పూట మేం తిన్నది పెరుగన్నం.

4. సాక్షికి ఆస్తి రాయొద్దని వకీలు చెప్పారు. కనుక కింద సాక్షి సంతకం పెడుతున్న బుచ్చిరాములుకు ఏమీ లేదు, అతను ఎప్పటినుంచో కన్నేసిన నా ఎర్ర కోటుతో సహా.

5. ట్రంపెట్, డ్రమ్ములు, ట్రాలీ ఆటో, బ్యాండు పేరు నా బిడ్డ నవ్యశ్రీవి. కాళ్లు పోయాక నేను ట్రాలీలో కూర్చునే వాయిస్తున్నాను. పోయిన నెల ఒక బరాత్‌లో పాట మధ్యలో వేళ్లు మొరాయించాయి. వెన్నుపాము వాపు ఈసారి మెడ దాకా వచ్చిందని తర్వాత తెలిసింది. పక్కన నడుస్తున్న బిడ్డ నా చేతిలోంచి ట్రంపెట్ తీసుకుని పాట పూర్తిచేసింది. పెళ్లికొడుకు దోస్తులు ఎగురుడు ఆపలేదు. "ఆడివిల్ల బరాత్ ముంగట నడిస్తే మంది ఏమంటరు?" అని అన్న ఇంటికొచ్చి అడిగాడు. మంది "ఇంకో పాట కొట్టు బిడ్డా" అన్నారు. నేను విన్నాను.

6. సోమవారం మళ్లీ కరీంనగర్‌లో చేరుతున్నాను. చేతులు వస్తాయో లేదో డాక్టరు కూడా చెప్పలేకపోతున్నారు. పైవన్నీ నా తదనంతరం అమలు కావలెను. ఐదో అంశం మాత్రం ఇవాళ్టి నుంచే. నేను తిరిగొచ్చి, వేళ్లు లేస్తే, ట్రాలీలో కూర్చుని ఆమె చెప్పిన పాట వాయిస్తాను. లేవకపోతే కూర్చుని వింటాను.

నస్పూర్, 2023 జూన్ 9.

(సంతకం) శ్రీహరి
వంకరగా పడింది గానీ నాదే.

సాక్షులు:
బుచ్చిరాములు, డ్రమ్ములు
అబ్రహాం, పక్కింటి వాస్తవ్యుడు