ఎర్రరంగు ఎటువోయింది

సుల్తానాబాద్,
ఆగస్టు 18, 2024

నా సిన్ననాటి దోస్తు స్తుతికి,

ప్రభువు నీడల నువ్వు, మీ ఆయన సాల్మన్, మీ అత్తమ్మ సల్లంగ ఉన్నరనుకుంటున్న. ఈడ అవ్వ, బాపు, నేను ఉన్నం. నువ్వు నా ఫోన్ ఎత్తుతలెవ్వు. అందుకే ఖానాపూర్‌కు గీ జాబు పోస్టుల ఏస్తున్న. చింపెయ్యకు, జర ఆఖరుదాకా సదువు.

నీ రిసెప్షన్‌కు కుట్టిన కుంకుమరంగు జాకెట్‌కు మట్టిరంగు దారం ఏసిన్నని అందరి ముందట తిట్టినవు. నీ పెండ్లి చూసి నాకు కడుపుమంట అన్నవు. ఎర్రదారమే కదనే అన్న నేను. నిజంగ నాకట్లనే కనబడ్డది. నా కుడికన్ను సిన్నప్పటిసంది మసకనేనని నీకెరుకే. కుట్టుపనంత ఎడమకన్ను మీదనే.

నువ్వు అత్తగారింటికి పోయినంక గా ఎడమకన్ను కదిలిస్తే లోపట గుంజినట్టు నొప్పి లేసింది. పండు మిరపకాయలు గుడ కమిలిన రంగుల కనబడ్డయి. తర్వాత సూదిల దారం ఎక్కుడే బందైంది. గిరాకులు గుడ్డలు వాపసు తీస్కపోయిండ్రు.

ఈడి డాక్టర్ లైటేసి చూసి, కన్ను మంచిగనే ఉన్నదన్నడు. పక్కింటి చంద్రవ్వ అయితే, పని చెయ్యబుద్ధిగాక నాటకమాడుతున్నదని అవ్వతోని అన్నదట. నాకు కనబడుతలేదన్న మాటకు సాక్ష్యం యాడికెళ్లి తేవాలె స్తుతీ? ఒక్కోసారి నా మీద నాకే అనుమానమొచ్చేది.

బాపు ఊకోలే. కరీంనగర్ తోల్కపోయిండు. ఆడ అనసూర్య డాక్టరమ్మ ఒక సీసా ఎర్రమూత చూపెట్టి ఏం రంగని అడిగింది. ఇటుకరంగన్న. ఆమె నవ్వలే. ఎమ్మారై తీపియ్యాలన్నది. అండ్ల డిఫ్యూజన్ అని ఒకటుంటదట. నరంల నీటి కదలికను పట్టి చూస్తదట. మంచి నరంల నీరు పోగుల పొడుగున సాగుతదని, వాపొస్తే గా నడక మారుతదని చెప్పింది. గొట్టంల పండుకుంటే ఒకటే డబడబ మోత. కన్ను కదిలియ్యద్దన్నరు. మన చర్చి పాటలు మనసుల పాడుకుంట పడుకున్న.

కంప్యూటర్‌ల కంటెనుక నరం తెల్లగ మెరిసింది. నువ్వు చెప్పింది నిజమే బిడ్డా, నరం వాచింది, ఆలస్యం చేస్తే దెబ్బతింటది అన్నది డాక్టరమ్మ. గా మాటకు నాకు భయం కాలే, ఏడ్పొచ్చింది. ఒకరన్న నమ్మిండ్రు. బాపు గోడదిక్కు తిరిగి కండ్లు తుడుసుకున్నడు.

దవాఖానల ఉంచుకొని సెలైన్ల స్టెరాయిడ్ ఎక్కిచ్చిండ్రు. నోరంత చేదు, నిద్ర లేదు. మెల్లమెల్లగ నొప్పి పోయింది. ఒక పొద్దుగాల అవ్వ మొఖం మంచిగ కనబడ్డది, ముక్కుపుల్లతోని సహా. ఇప్పుడు అక్షరాలు సదువుతున్న, మిషిన్ మీద మళ్ల కూసుంటున్న. నాకంత నయమైంది, ఫికర్ చెయ్యకు.

నీ మీద నాకు కోపం లేదు. నాకే తెల్వని సంగతి నీకెట్ల తెలుస్తది?

మీ అత్తమ్మకు వందనాలు చెప్పు.

నీ
షారోన్

తాజాకలం: కవరు అంటించబోయి ఆగిన. అంత నయమైందని రాసింది నిజం కాదు. అక్షరాలు వాపసొచ్చినయి, ఎర్రరంగు రాలే. మళ్ల తీసిన స్కాన్‌ల వాపు తగ్గిందిగని, నరం కొంత దెబ్బతిన్నదని డాక్టరమ్మ నాకొక్కదానికే చెప్పింది. అవ్వకు, బాపుకు ఇంకా చెప్పలే. దారాల డబ్బా ముందటేసుకుంటే ఏ రీలు తియ్యాల్నో తెలుస్తలేదు. సిగ్గిడిసి అడుగుతున్న, ఒక్కసారి రా స్తుతీ. నా పక్కన కూసొని ఏది ఎరుపో, ఏది మట్టిరంగో ఏరి పెట్టిపో.