వన్‌టౌన్‌లో నా డ్యూటీ

అర్జున్రావు బావా,

ఫోన్లో మాట రాక రాస్తన్నాను. ప్లాంటులో కాంట్రాక్టు పని దసరాకి ముందే పోయింది. మీ చెల్లి దుర్గకి చెప్పలేదు. రోజూ కేరేజీ పట్టుకుని డ్యూటీకని బయల్దేరి, వన్‌టౌన్ వచ్చి టౌన్‌హాల్ మెట్ల మీద కూర్చుంటన్నాను. పాత రాతి గోడలు చల్లగా ఉంటాయి. అక్కడి బండి మీద మురీ మిక్చర్, అదే మరమరాల మిక్చర్, కొనుక్కుని తింటాను గానీ రుచేటో తెలీదు.

మొన్న ఆదివారం దుర్గ ఎక్కడికైనా తీసుకెళ్ళమంది. ఇంకేటీ తోచక ఇక్కడికే తెచ్చాను. కురుపాం మార్కెట్ కమాను చూసి ఎంత మురిసిపోయిందో. తర్వాత మిక్చర్ బండి దగ్గర ఆగాం.

"ఈయనకి కారం తగ్గించమ్మా" అంది.

"నాకు తెల్దేటి తల్లీ! రోజూ కేరేజీ ముందరెట్టుకుని ఆ మెట్ల మీదే కూకుంతాడు కదా" అంది మిక్చర్ కలిపే చిలకమ్మ.

దుర్గ పొట్లం మొత్తం తినేసి, "పద, బస్సెళ్ళిపోద్ది" అంది. ఇంటికెళ్ళాక కూడా ఏటీ అడగలేదు.

ఈరోజు పొద్దున్న లేచేసరికి గుమ్మం దగ్గర కేరేజీ కట్టి పెట్టుంది. పట్టుకుని మళ్ళీ ఇక్కడికే వచ్చాను.

మీ ఆటోనగర్ షెడ్డులో ఏ పనున్నా చెప్పు బావా, ఊడ్చే పనైనా పర్లేదు. మధ్యాహ్నం దాటిపోయింది. కేరేజీ ఇంకా విప్పలేదు.

నీ బావమరిది