ఆ ఖాతా నాదే

గాజువాక,
ఆదివారం.

మా నిఖితమ్మకి,

కవరు మీద నా రాత చూసి ఈపాటికి నవ్వుకుని ఉంటావు. ఎనిమిదో తరగతిలో ఆగిపోయిన రాత. ఒత్తులు ఎక్కడుండాలో అక్కడ ఉండవు, నువ్వే సర్దుకుని చదువుకో. ఫోన్ చెయ్యొచ్చుగా మావయ్యా అంటావు. చెయ్యలేనమ్మా. గ్యాసు కంపెనీవాడినని, కరెంటాఫీసువాడినని, మీ అమ్మకి చీర బహుమతి తగిలిందని, ఇన్నేళ్ళూ రకరకాల గొంతులతో మీ అందరినీ ఏడిపించి ఏడిపించి ఫోన్లో నా మాటకి విలువ లేకుండా నేనే చేసుకున్నాను. అందుకే కాగితం. కాగితం మీద గొంతు మార్చడం నాకు రాదు.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం సైబర్ క్రైం ఎస్సైనని నీకొకడు ఫోన్ చేశాడే, వాడు నేనే.

తిట్టుకో. తిట్టుకోవడం అయ్యాక మిగతాది చదువు.

పోర్టు క్యాంటీన్లో భోజనాలకి కూర్చున్నాం. మా త్రినాథరావు కొత్త సిమ్ము వేయించుకున్నాడు. కొత్త నంబరు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు కదా. స్పీకరు పెట్టి నీకు కలిపాను. బల్ల చుట్టూ అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నారు. "మీ ఖాతాలోకి దొంగసొమ్ము చేరిందమ్మా, మీరు స్టేషనుకి రావాలి" అన్నాను. "ఏటి మావయ్యా, కొత్త వేషమా" అంటావని చూస్తున్నాను. నువ్వు అనలేదు.

"సార్, ఆ ఖాతా నాదే గానీ కార్డు నా దగ్గర లేదు సార్. ఆ ఖాతాకిచ్చిన పాత సిమ్ము కూడా ఇచ్చేశాను. మా సీనియర్ కార్తీక్ అడిగాడు, నెలకి నాలుగు వేలిస్తానన్నాడు. అందులోకి ఎవరి డబ్బులొస్తన్నాయో నాకు తెల్దు సార్. మా అమ్మకి మాత్రం చెప్పకండి, దండం పెడతాను" అన్నావు.

"బావా, ఆపీ. గుంట నిజంగానే ఏడుత్తంది, ఆపీరా బావా" అని త్రినాథరావు నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. ఆ తర్వాత ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. పళ్ళేల్లో చారు అలాగే ఉండిపోయింది.

ఎం.కామ్ చదువుతున్న పిల్లవి, తాళం చెవి పరాయివాడి చేతిలో పెట్టి గోదాం అద్దెకిచ్చినట్టు ఖాతాని అద్దెకిచ్చావు. లోపల ఏ సరుకు దింపుతున్నారో తొంగి చూడలేదు. అలాంటివాణ్ణి ఓడలాగే మా బెర్తు మీద ఏమంటారో రాయను, నువ్వు మళ్ళీ ఉత్తరం చింపేస్తావు. నాకేదో తెలిసి వాగుతున్నాననుకోకు. నువ్వు చెప్పింది విన్నప్పుడు అందులో అంత తప్పేముందో నాకూ బోధపడలేదు. త్రినాథరావు అల్లుడు వేరే ఊళ్ళో బ్యాంకులో చేస్తాడు, అతను చెప్పాడు. ఎవడో ముసలాయన్ని ఫోన్లో మోసం చేసి గుంజిన డబ్బు ఇలాంటి పిల్లల ఖాతాల్లోంచి దాటిస్తారట. పోలీసులు వెతుక్కుంటూ వచ్చినప్పుడు మొదట కనిపించేది కార్తీక్ పేరు కాదట, నీ పేరట.

మంగళవారం పదింటికి బ్యాంకు గేటు దగ్గరుంటాను. నువ్వు రా. మనమే ముందు వెళ్ళి చెప్పేద్దాం. మీ అమ్మకి నేనేమీ చెప్పలేదు.

ఈసారికి ఏ వేషమూ లేని
మీ మావయ్య దొరబాబు


గాజువాక,
శనివారం.

నిఖితా,

మంగళవారం బ్యాంకు గేటు దగ్గర నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని షట్టరు దించేదాకా ఉన్నాను. పెళ్ళికూతురు రాని పెళ్ళికొడుకులా ఉన్నావని సెక్యూరిటీవాడు వేళాకోళమాడాడు. మాట పడ్డం నాకు అలవాటు లేదు, అయినా పడ్డాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. "పోలీసు నువ్వేనా మావయ్యా! ప్రాణం లేచొచ్చింది. ఇంక భయం లేదు, ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దాం" అని రాశావు. ఇదెక్కడి లెక్కమ్మా? నేను దొంగ పోలీసునైతే నువ్వు కార్డు ఇవ్వడం కూడా ఉత్తిదైపోతుందా?

ఎందుకిచ్చావో కూడా రాశావు. హాస్టలు గదిలో ఐదుగురూ కలిసి బీచిరోడ్డుకి వెళ్తారు. బిల్లు ఫోన్లో ఐదు ముక్కలవుతుంది. వాళ్ళు బిర్యానీలు తిన్నా నువ్వు నిమ్మసోడా తాగినా ముక్క ముక్కే. పుట్టినరోజులకి, సినిమాలకి, అన్నిటికీ అంతే. "నా దగ్గర లేవు అని చెప్పడం కంటే కార్డు ఇవ్వడమే తేలికనిపించింది" అన్నావు. ఆ మాట రెండుసార్లు చదివాను. నిన్ను తిట్టడానికి దాచుకున్నవన్నీ వృథా అయిపోయాయి. ఎందుకంటే క్యాంటీన్లో "ఈ టీలు నావిరా" అని ముందు లేచేది నేనే. నెలాఖరున త్రినాథరావుని పక్కకి పిలిచి చెయ్యి చాపేదీ నేనే. నా వేషాలు కూడా అందుకేనేమో. నలుగురిలో నవ్వించినంతసేపూ జేబు సంగతి ఎవరూ అడగరు. 'లేదు' అనే మాట మన ఇంట్లో ఎవరమూ నేర్చుకోలేదు, నీకెవరు నేర్పుతారు?

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మీ అమ్మ దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలో అడుగుపెట్టానో లేదో గరిట పుచ్చుకుని లేచింది.

"ఒరే దొరబాబూ, బేంకు మేనేజరు గొంతు కూడా మొదలెట్టేవేటిరా? పోయిన్నెల్లో రెండుసార్లు సేసేవు. 'మీ అమ్మాయి ఖాతాలో ఏదో తేడాగా ఉంది, ఓసారి రండమ్మా' అంతావా? నాను పెట్టిన తిట్లు సాల్లేదేటి, మళ్ళీ తినడానికొచ్చేవు?"

నేను బ్యాంకు మేనేజరు వేషం ఎప్పుడూ వెయ్యలేదు నిఖితా. ఇంటర్లో నీకు ఖాతా తెరిచినప్పుడు అమ్మ నంబరు కూడా ఇచ్చాం, గుర్తుందా? నీ పాత సిమ్ము కార్తీక్ దగ్గరుంది, వాడు ఎత్తి ఉండడు. అందుకని బ్యాంకువాళ్ళు అమ్మకి చేశారు. నిజం మేనేజరు, నిజం ఫోను. అమ్మ అది నేననుకుని ఆయన్ని ఏడు తరాలతో సహా కడిగేసింది. నీకు రావలసిన హెచ్చరిక నా వేషాల మూలంగా రాకుండా పోయింది. ఇంతకాలం నా పనులు ఎవరికీ నష్టం చెయ్యవనుకునేవాణ్ణి.

"అప్పా, అది నాను కాదే" అన్నాను. నవ్వింది. "నువ్వెప్పుడూ అదే అంతావు కదా" అంది. నీ మీద ఒట్టు పెట్టాను. ఇంకా నవ్వింది. చివరికి పెట్టింది తిని వచ్చేశాను.

నేను ఓడ మీద నిలబడి క్రేను డ్రైవరుకి చేతులతో సైగలు చేసే పని నాది, నీకు తెలుసు. అక్కడ మాత్రం ఒక్క వేషమూ వెయ్యను. మనుషుల నెత్తిన బరువు వేలాడుతూ ఉంటుంది. మిగతా సైగలు నేనొక్కణ్ణే చెయ్యాలి గానీ, ఆపమనే సైగ మాత్రం ఎవరైనా చెయ్యొచ్చు. ఊడ్చేవాడు చెయ్యెత్తినా క్రేను ఆగి తీరాలి. నీ నెత్తిన బరువుంది. నేను ఎత్తిన చెయ్యి మీ అమ్మకి కనబడ్డం లేదు. నువ్వే ఎత్తాలి.

నమ్మకం పోగొట్టుకున్న
దొరబాబు మావయ్య


గాజువాక,
గురువారం.

మావయ్యా,

ఫోన్ చేస్తే ఏడుస్తావని ఉత్తరం రాస్తున్నాను, సాయంత్రం అమ్మే తెచ్చిస్తుంది.

సోమవారం ఇంటికి వచ్చి అమ్మకి చెప్పాను. మొదట నవ్వింది. "ఏటే, మీ మావయ్య నేర్పేడా?" అంది. తర్వాత నా మొహం చూసింది. కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసింది. కార్తీక్ గురించి అడగలేదు, పోలీసుల గురించి అడగలేదు. "నిమ్మసోడా డబ్బులకి నన్నడగనేకపోయేవేటే?" అని అదొక్కటే అడిగింది.

మర్నాడు ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. అమ్మ గొంతు వినగానే మేనేజరుగారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. అమ్మ దండం పెట్టి, "మా తమ్ముడనుకున్నాను బాబూ" అంది. ఖాతా ఇప్పటికే ఆపేశారట. నా స్కాలర్‌షిప్ కూడా అందులోనే ఇరుక్కుంది. ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో ఆయనా చెప్పలేకపోయారు. కార్డు ఎవరికిచ్చానో రాసిచ్చాను. కార్తీక్ ఫోను ఎత్తడం లేదు. వాడికి కార్డులిచ్చినవాళ్ళు మా జూనియర్లలో ఇంకా ఉన్నారు, వాళ్ళకీ చెప్పాను. ఒకమ్మాయి నాతో వస్తానంది. మిగతావాళ్ళు నన్ను చూస్తే దారి మార్చుకుంటున్నారు.

నిన్న బట్టలు తెచ్చుకుందామని గదికి వెళ్తే మళ్ళీ బీచిరోడ్డు మాటొచ్చింది. "నా దగ్గర లేవు, వచ్చినా నా సోడా వరకే ఇస్తాను" అన్నాను. చెవులు కాలిపోయాయి. మా గదిలోనే ఉండే రోజలిన్ తల దువ్వుకుంటూ, "అబ్బ, నువ్వన్నావా! ఎవరంటారా అని ఫస్టియర్ నుంచీ చూస్తన్నాను" అంది.

ఇంట్లో అమ్మ ఒక నియమం పెట్టింది. తెలియని నంబరు నుంచి ఎవరు డబ్బు మాటెత్తినా ముందు నీ పేరు పెట్టి తిట్టాలి, ఫోను పెట్టెయ్యాలి, ఆ తర్వాత నడిచి వెళ్ళి బ్యాంకులో కనుక్కోవాలి. తిట్టడం ఎందుకమ్మా అంటే, అది అలవాటైపోయిందట.

ఇవాళ పొద్దున్న అమ్మ ఫోను మోగింది. అమ్మ ఎత్తి, "ఒరే దొరబాబూ, ఇయ్యాలైనా సిగ్గునేదేట్రా నీకు!" అని మొదలుపెట్టింది. అవతల సైబర్ క్రైం ఎస్సైట. ఈసారి నిజం ఎస్సైయే. మేనేజరుగారు ఆ టైముకి ఫోనొస్తుందని ముందే చెప్పి ఉన్నారు, అమ్మే మర్చిపోయింది. ఫోను నేను తీసుకున్నాను.

"సార్, ఆ ఖాతా నాదే. కార్డు ఎవరికిచ్చానో చెప్పడానికి రేపు నేనే వస్తాను."

రేపు స్టేషనుకి నువ్వూ రా మావయ్యా. ఆ ఇస్త్రీ చొక్కా వేసుకుని రా. ఎస్సైగారి ముందు నోరు మాత్రం విప్పకు. ఆయన గొంతు అచ్చం నువ్వు చేసినట్టే ఉంది.

నీ మేనకోడలు
నిఖిత