నూట పన్నెండో పేజీ అబద్ధం

ఇద్వాల్ ప్రైస్ అనే నేను, వయసు యాభై ఏడు, వేల్స్ కొండల్లో కౌన్సిలు రోడ్ల పక్క కంచె పొదలు కొట్టి కాలువలు తీసే పనివాణ్ణి, నా మనసుతో నేనే, ఎవరూ చెయ్యి పట్టి రాయించకుండా, ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఈ వీలునామా రాస్తున్నాను. బుద్ధి నిలకడగానే ఉంది. పొద్దున డాక్టరు గారు కూడా ఒప్పుకున్నారు. నిలకడ లేనిది గుండె ఒక్కటే, దాన్ని రేపు ఉదయం ఎనిమిదింటికి తెరిచి చూస్తారట. నాది మా ఊరి బడిలో పద్నాలుగేళ్ల దాకా చదివిన చదువు. చట్టం మాట ఎక్కడైనా తప్పుగా పడితే ఉద్దేశం చూసి సర్దుకోవాలి.

1. ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు. నిజానికి అలాంటివేవీ లేవు. కానీ ఈ ముక్క లేకపోతే వీలునామాకి కళ రాదని పక్క మంచం మీది డిల్విన్ గారు అంటున్నారు. దీన్ని అమలు చేసే బాధ్యత నా భార్య నెస్టాది. ఇల్లు కౌన్సిలుది, ఇవ్వడానికి నాది కాదు. ఇంట్లోని సామానంతా ఆమెదే, ఇప్పుడూ ఆమెదే.

బతికున్నవాడి వీలునామా చదవడం పద్ధతి కాదంటారు. అయినా కింది ఐదో అంశం ఈ రోజే మా అన్న సెల్విన్‌కి చేరాలి. పని ఏప్రిల్ రెండు లోపల జరగాలి. నేను చచ్చేదాకా ఆగితే ఆలస్యం కావచ్చు, నేను బతికితే ఇంకా ఆలస్యం. అందుకే ఆ అంశం ముందే రాసి, నకలు నెస్టా చేతికిచ్చాను. పన్నెండింటి బస్సుకి వెళ్లింది. ఇప్పుడు పన్నెండున్నర.

2. పుస్తకాలు. నా దగ్గర నలభై ఒకటి ఉన్నాయి. అన్నీ మన దేశపు చెట్టూ చేమా, పురుగూ పుట్రా గురించినవే. చర్చి సంతల్లో కొన్నవి, పోయినవాళ్ల ఇళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నవి, ఒకటి చెత్తబండిలోంచి తీసినది. పూలవీ, నాచులవీ, తేనెటీగలవీ కలిపి ముప్పై తొమ్మిదీ మా ఊరి బడికి. షరతు ఒక్కటే, అద్దాల బీరువాలో పెట్టి తాళం వెయ్యకూడదు. పిల్లలు మట్టి చేతులతోనే ముట్టుకోవాలి. నీటికుక్కల పుస్తకంలో టీ మరక నాది. బొమ్మలో నీటికుక్క అందులోనే ఈదుతున్నట్టుంటుంది కాబట్టి తుడవొద్దు.

నత్తల పుస్తకం నెస్టాకి. పెళ్లయిన ఏడాది అందులో రెండు పేజీలు చదివి, "ఇదేంటి ఇద్వాల్, ఎవరో నీ జీవిత చరిత్ర రాసేశారు!" అంది. మళ్లీ తెరవలేదు. మిగతా పేజీల్లో నత్తలు చాలా ప్రేమగా ఉంటాయి. వీలు చూసుకుని చదవాలి.

3. నలభై ఒకటోది మా జిల్లా పక్షుల పుస్తకం. రాసింది మా బడి టీచరు మిస్ ప్యారీ గారు. 1961లో అచ్చయింది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. అందులో మా లోయ లెక్కలన్నీ నేనిచ్చినవే. నూట పన్నెండో పేజీ తప్ప అన్నీ నిజం. ఆ పేజీ అబద్ధమని, కావాలని ఆడిందని, ఆడింది ఇద్దరమని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను.

చీలిన తోక ఎర్రగద్దలు అప్పటికి దేశం మొత్తమ్మీద కొన్ని జంటలే మిగిలాయి. అందులో ఒక జంట మా ఇంటి వెనక గెల్లి అడవిలో, ముసలి ఓక్ చెట్టు మీద గూడు కట్టేది. గుడ్లు ఎత్తుకుపోయి సొరుగుల్లో దాచుకునే పెద్దమనుషులు ఇలాంటి పుస్తకాలు చదివే బయలుదేరతారు. అందుకని గూడు లోయకి అవతల బ్రైన్ అడవిలో ఉందని వేశాం. బ్రైన్‌లో ఉండేవి కాకులు. మిస్ ప్యారీ గారు ఆ పేజీ రాస్తూ, "ముప్పై ఏళ్లుగా అబద్ధం ఆడొద్దని పిల్లల్ని బెత్తంతో కొట్టానయ్యా. ఇప్పుడు అచ్చులో ఆడుతున్నాను. నువ్వు కాస్త కామాలు చూడు," అన్నారు.

అబద్ధం బాగా పనిచేసింది. ఒకాయన బ్రైన్‌లో చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే కౌన్సిలు లారీలో ఇంటికి తెచ్చాను. నెస్టా టీ ఇచ్చింది. ఆయన మూలుగుతూనే, "అమ్మా, గద్ద గూడు ఇంకాస్త పైకుంటుందా?" అని అడిగాడు.

4. ఇప్పుడా అబద్ధమే మా మెడకి చుట్టుకుంది. గెల్లి అడవిని ఒక కలప కంపెనీ కొంది. ఓక్ చెట్లు నరికి, త్వరగా పెరిగే సూదాకు చెట్లు వేస్తారట. అనుమతి ఇవ్వాలా వద్దా అని ఏప్రిల్ రెండు, సోమవారం నాడు మీటింగు. జనవరిలో ఆ అనుమతి సంగతి చూసే ఆఫీసరు మిస్ ప్యారీ గారి పుస్తకం చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. మర్యాదస్తుడు. "ప్రైస్ గారూ, మేం పక్షుల్ని చూసుకునే చేస్తామండీ. పుస్తకంలో గూడు బ్రైన్‌లో ఉందన్నారు కదా, అందుకే బ్రైన్‌ని ముట్టుకోవడం లేదు," అన్నాడు.

గూడు ఇప్పటికీ గెల్లిలోనే ఉందని నేను నిజం చెప్పాను. ఎగిరే గద్ద ఏ అడవిదైనా కావచ్చు, పాత గూడు కాకిదైనా కావచ్చు, ఏళ్ల తరబడి గెల్లిలోనే పొదిగాయని కాయితం కావాలన్నాడు. "మీ మాట నేను నమ్ముతానండీ. కానీ మాటని ఫైల్లో పెట్టలేను కదా." గెల్లి పేరు ఎక్కడా కాయితం మీద పెట్టకూడదన్నది మేం పెట్టుకున్న నియమం. ఇరవై మూడేళ్లు తప్పలేదు. కాకులకి రక్షణ దొరికింది, గద్దకి గొడ్డలి దొరికింది.

గెల్లి అని నిజం రాసిన కాయితాలు ఈ భూమ్మీద ఒక్క చోటే ఉన్నాయి.

5. మా అన్న సెల్విన్ ప్రైస్‌కి.

అన్నా, నీ సొరుగుల సంగతి నాకు తెలుసు. అమ్మ పోయిన రోజు, 1974లో, నువ్వే చూపించావు. దూది మీద గుడ్లు, ఒక్కోదాని పక్కన చీటీ, చీటీ మీద తేదీ, అడవి పేరు, చెట్టు, గూట్లో ఏముందో కూడా. నీ దస్తూరీ చర్చిలో పెళ్లి పుస్తకం కన్నా శుభ్రంగా ఉంది. "ఒరే తమ్ముడూ, మీ టీచరమ్మ పుస్తకంలో కన్నా నా సొరుగులో నిజం ఎక్కువుందిరా," అన్నావు. నాకు కోపం వచ్చింది. ఎందుకంటే అది నిజం. నేను కాపలా కాసిన గెల్లి గూడు నువ్వు మూడుసార్లు దోచావు. తెలిసి పదేళ్లు నోరు మూసుకున్నాను. అది నా తప్పు, నీ ఖాతాలో వెయ్యను.

ఇప్పుడు ఆ గెల్లి చీటీలు కావాలి. సోమవారం మీటింగులో ఆఫీసరు ముందు పెట్టాలి. ఏం అడుగుతున్నానో తెలిసే అడుగుతున్నాను. చీటీ లేని గుడ్డు ఆమ్లెట్టుకి కూడా పనికిరాదని నువ్వే అన్నావు. పైగా ఇప్పటి చట్టం ప్రకారం ఆ చీటీ చూపించినవాడు తన మీద తనే కేసు పెట్టుకున్నట్టు. నీకు పెళ్లాం లేదు, పిల్లల్లేరు, ఆ బీరువా ఒక్కటే ఉంది.

పోలీసుల్ని పంపొచ్చు కదా అని నెస్టా అంది. వాళ్లు తలుపు కొట్టేలోపే చీటీలు నీ పొయ్యిలో ఉంటాయి. కాబట్టి బెదిరించను. అడుగుతున్నాను.

చీటీలు మీటింగుకి చేరితే నా బైనాక్యులర్సు, ఫ్లాస్కు, గెల్లి అంచున పొదలో దాచిన ముక్కాలి పీట నీకు దఖలు. వాటితో పాటు పని కూడా. గెల్లి పేరు బయటపడ్డాక దొంగలందరూ అక్కడికే వస్తారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాపలా కావాలి. ఏ దారిన వస్తారో నీకన్నా తెలిసినవాడు జిల్లాలో లేడు.

చేరకపోతే అవన్నీ నెస్టావి. నీకు మాత్రం ఎలాగైనా చెందేది ఒకటుంది. నీ మొదటి గుడ్డు, 1938, గెల్లిదే. నువ్వు చెట్టెక్కావు, నేను కింద టోపీ పట్టుకుని నిలబడ్డాను. అందులో సగం నాది. ఆ సగం నీకు రాసిచ్చేస్తున్నాను.

6. టైము మూడైంది. నెస్టా ఈపాటికి అన్నకి చదివి వినిపించి ఉంటుంది. అక్కడ ఫోన్ లేదు. నర్సు వచ్చి నాడి చూసి, "ఏం పెద్దాయనా, పరిగెత్తి వచ్చారా?" అంది.

ఈలోగా నెస్టాకి ఒక క్షమాపణ. 1971లో తీగ మీంచి నీలం అంచు దిండు గలీబు పోయింది. పక్కింటావిడ తీసిందని నువ్వు ఆవిడతో ఇప్పటికీ మాట్లాడవు. అది గద్ద పని. అవి గూట్లోకి గుడ్డపేలికలు ఎత్తుకెళ్తాయి. చెబితే గూడు చెప్పినట్టవుతుందని దాచాను. సెల్విన్ చీటీలో రాసుంది, "గొర్రె ఉన్ని, దిండు గలీబు, నీలం అంచు" అని. నీ కుట్టుపనికి జిల్లాలో కాయితం మీద దొరికే సాక్ష్యం అదొక్కటే. ఆవిడతో మాట్లాడు.

7. నాలుగున్నర. వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్లా కలం ఆగుతోంది. రెండుసార్లు టీ బండి, ఒకసారి ఫాదరు గారు. ఆయన్ని చూస్తే గుండె ఇంకాస్త లయ తప్పింది. డిల్విన్ గారికి గొర్రెలున్నాయి, గద్దలంటే పడదు. "పోతే పోయింది వెధవ పక్షి. నా గొర్రెపిల్లల్ని తినేది అదేగా!" అంటున్నారు. చచ్చినవాటి మీదే వాలుతుందండీ అంటే, "అయితే రేపు నీ మీద వాలుతుందేమో జాగ్రత్త," అన్నారు.

సెల్విన్ ఇవ్వకపోతే, సోమవారం నెస్టా మీటింగుకి వెళ్లి నూట పన్నెండో పేజీ అబద్ధమని నిలబడి చెప్పాలి. వాళ్లు నమ్మరు. మిస్ ప్యారీ గారి పేరు మాత్రం పోతుంది. అయినా చెప్పాలి. ఆవిడ ఉంటే ఆవిడే చెప్పేవారు.

8. ఇది సాయంత్రం ఏడింటికి, చూడ్డానికి వచ్చేవాళ్ల టైము అయిపోయాక చేర్చింది.

ఆరున్నరకి సెల్విన్ వచ్చాడు. నెస్టా వెనకే ఉంది. టోపీ తియ్యలేదు. పొగాకు డబ్బా ఒకటి దుప్పటి మీద పెట్టి, "గుడ్లు ఇవ్వను. చీటీలే," అన్నాడు. నెస్టా తీసుకెళ్తుందిలే అన్నాను. "నీ పెళ్లాం చెబితే నమ్మరురా. దొంగ చెబితే నమ్ముతారు. నేనే వెళ్తా," అన్నాడు. కాసేపు కిటికీలోంచి చూసి, "ఆ పీట మీద నా నడుం నిలవదు. మంచి కుర్చీ తీసుకెళ్తా," అని, డబ్బా మళ్లీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. సోమవారం దాకా మనసు మార్చుకోడని రాసివ్వలేను. రేపు నేను లేస్తానని కూడా రాసివ్వలేను.

అన్న వెళ్లేముందు డబ్బాలో చీటీలు చూశాను. మూడు ఉంటాయనుకున్నాను, నాలుగున్నాయి. అడక్కుండానే మొదటిది కూడా పెట్టాడు. పద్నాలుగేళ్ల దస్తూరీ. "గెల్లి, ఓక్, 11 ఏప్రిల్ 1938. ఎక్కింది సెల్విన్. టోపీ పట్టింది ఇద్వాల్. ఏడ్చింది ఇద్వాల్."

అందుచేత, ఐదో అంశంలో రాసిచ్చిన సగం గుడ్డు వెనక్కి తీసుకుంటున్నాను. అది నా దగ్గరే ఉంటుంది.

తేదీ: 27 మార్చి 1984, మంగళవారం.

సంతకం: ఇద్వాల్ ప్రైస్

సాక్షులు (చట్టప్రకారం వీళ్లకి ఏమీ చెందదు, బల్ల మీది ద్రాక్షపళ్లతో సహా):
గ్వెన్‌లియన్ హోవెల్స్, వార్డు సిస్టరు.
డిల్విన్ బెబ్, గొర్రెల రైతు. సంతకం నా కళ్లముందే చేశాడు. గద్దల విషయంలో నా అభిప్రాయం మారలేదు. మనిషి మాత్రం రేపు లేవాలి.