నిండుగా తిరిగొచ్చిన సీసా

తిరువొత్తియూరు, చెన్నై

అక్కా,

నీకూ బావగారికీ నమస్కారాలు. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. సుజాత చివరి రోజు గురించి ఫోనులో రెండుసార్లు అడిగావు. చెప్పలేకపోయాను. రాస్తున్నాను.

ఆ పొద్దున ఉప్మా చేసింది. ఎప్పటిలాగే ఆలుమగలం ఇద్దరం ఎనిమిదింటి రైలెక్కాం. తను సౌకార్‌పేటలో గాజుల షాపుకు, నేను ఆఫీసుకు. మే నెల. మండిపోయే ఆ రోజుల్ని ఇక్కడ కత్తిరి అంటారు. మధ్యాహ్నం మూడింటికి షాపులో పడిపోయింది. నేను ఆసుపత్రికి చేరేసరికి మాట లేదు. ఒళ్లు కాలిపోతోంది. ఆరు కాకముందే పోయింది. వడదెబ్బ, ఒంట్లో నీరు లేదు అన్నాడు డాక్టరు. నర్సు సుజాత సంచి నా చేతికిచ్చింది. అందులో నీళ్ల సీసా, మూతదాకా నిండుగా ఉంది.

ఆ సీసా రోజూ అలాగే తిరిగొచ్చేది. నేను విసుక్కునేవాణ్ణి. "రేపు తాగుతాలే" అనేది. అందుకే కర్మల రోజున, వాళ్లమ్మగారి ముందు, ఇదంతా తన నిర్లక్ష్యమే అన్నాను. నువ్వూ పక్కనే ఉన్నావు.

నా పని నీకు తెలుసు. ఎండకూ వరదకూ ఈ నగరం ఎలా తట్టుకోవాలో రాసిన పాత ప్రణాళికను మా ఆఫీసు ఇప్పుడు సరిదిద్దుతోంది. ఎండాకాలం నీళ్ల పందిళ్లు, అదే మన చలివేంద్రాలు, ఎక్కడెక్కడ ఉండాలో మ్యాపు మీద చుక్కలు పెట్టింది నేనే. ఒక చుక్క తన షాపుకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. పందిరి కూడా వేశారు. చల్లటి నీళ్లే.

పోయిన వారం ఆ పందిళ్లు ఎలా పనిచేశాయో చూడడానికి ఆ వీధికే వెళ్లాను. సుజాతతో పనిచేసిన కళావతి కనబడింది. వ్యాసర్పాడి మనిషి, తాతల నాటినుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఆడవాళ్లెవరూ పందిరి దగ్గరికి రారేమని అడిగాను. నా మొహంలోకి చూసింది.

"నీళ్లు తాగితే యాడికి పోవాలన్నా? ఈడ ఆడోళ్లకి కక్కూసు యాడుంది? మేడమీద ఒకటుండాది, బీగంచెవి ఓనరు కాడ. పొద్దన తొమ్మిదికి వస్తే ఇంటికి పోయిందాకా బిగబట్టుకోవాల్సిందే. వదిన నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ వీధికి మరుగుదొడ్డి కావాలని మా మేనేజరుకు చెప్పాను. మంచివాడే. కానీ ఆఫీసు మనిషి సొంతంగా చేర్చడానికి లేదట. ప్రణాళిక మీద జనం మాట వినడానికి రేపు పెట్టిన సభలో ఎవరో ఒకరు లేచి చెప్పి, అది రాతలోకి ఎక్కాలి. రేపటితో ప్రణాళిక మూసేస్తారు. తర్వాత కొన్నేళ్లపాటు మార్చరు. కళావతిని రమ్మన్నాను. "మేం నోరు తెరిస్తే పని ఊడిపోతాదన్నా. నువ్వు చెప్పు. వదిన పేరు పెట్టి చెప్పు" అంది.

సుజాత ఎలా పోయిందో ఆఫీసులో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో తన మాట ఎత్తడం నాకు చేతకాదు. అందులోనూ ఈ సంగతి.

నా తిండి గురించి బెంగ వద్దు. అన్నం నేనే వండుకుంటున్నాను, కూర మెస్సునుంచి తెచ్చుకుంటాను. సముద్రపు గాలి వస్తోంది, ఎండ తగ్గింది. నిజంగా బాగానే ఉన్నాను. ఒక్క పని చేసిపెట్టు. సుజాత వాళ్లమ్మగారి దగ్గరికి వెళ్లి ఈ ఉత్తరం చదివి వినిపించు. నేనన్న మాట తప్పని చెప్పు. వచ్చినప్పుడు నేనూ చెప్పుకుంటాను. పెద్దమ్మకు నా దండాలు. నువ్వు ఒకసారి నన్ను తలుచుకుని దీవించు.

రేపు పొద్దున సెలవు పెట్టి, పది గంటల సభకు ఆఫీసు మనిషిగా కాక సుజాత భర్తగా వెళతాను. జనంలో కూర్చుని, నా వంతు వచ్చాక లేచి, తన పేరు చెప్పి, నీళ్లు ఎందుకు తాగలేదో చెబుతాను.

నీ తమ్ముడు,
రఘు